గాయాలు వాయిదా వేసుకోగలరు

చింతలరేవులో ఆ గురువారం ఉదయం తొమ్మిది నుంచి మధ్యాహ్నం ఒంటిగంట దాకా ఎవరికీ దెబ్బలు తగలకూడదని పైవాళ్లు నిర్ణయించారు. నిర్ణయించి ఊరుకోలేదు, ఆటోకు మైకు కట్టి రెండు రోజులు ఊరంతా చెప్పించారు కూడా. "ప్రజలకు విజ్ఞప్తి. గురువారం నాడు ఏరియా ఆసుపత్రి ఆవరణలో జాతీయ అత్యవసర పరిస్థితి జరుగును. కావున నిజమైన గాయాలు గలవారు తమ గాయాలను శుక్రవారానికి వాయిదా వేసుకొని సహకరించగలరు." మూడో చుట్టులో ఆ ఆటోయే ఒక సైకిలాయన్ని గుద్దేసింది. ఆయన మోకాలు దులుపుకుని, "ఇవాళ మంగళవారమేగా, పర్లేదుగా?" అని అడిగి మరీ ఆసుపత్రికి వెళ్లాడు.

దయామణి ఆ ఆసుపత్రి క్యాజువాలిటీకి హెడ్ నర్సు. ఇరవై ఆరేళ్ల సర్వీసు. కొబ్బరిచెట్టు మీంచి జారినవాళ్లు, మరపడవ ఫ్యానులో చెయ్యి పెట్టినవాళ్లు, పెళ్లి ఊరేగింపులో టపాకాయ వెలిగించి పారెయ్యడం మరిచిపోయినవాళ్లు, అందరూ ఆమె చేతుల మీదుగానే లేచి ఇంటికి నడిచారు. వాళ్లలో ఒక్కరూ వారం చూసుకుని పడలేదు. అందుకే మైకు మాట వినగానే ఆమెకు ఒళ్లు మండింది. ఒళ్లు మండితే ఆమె అరవదు, బ్యాండేజీ గుడ్డలు మడత పెడుతుంది. మంగళవారం సాయంత్రానికి అల్మరా నిండిపోయి తలుపు మూతపడలేదు.

కార్యక్రమం పేరు 'జాతీయ అత్యవసర క్షతగాత్ర సంరక్షణ సమన్వయ మరియు సామాజిక స్థైర్య మహావిన్యాసం'. ఇంత పేరు ఆసుపత్రి గేటు మీద పట్టలేదు. అందుకని గేటుకు రెండింతల ఎత్తులో ఇనుప తోరణం ఒకటి లేపి, దాని మీద రేకు బిగించి, రేకు మీద ఫ్లెక్సీ కట్టించారు. కింద చిన్న అక్షరాల్లో 'ప్రమాద రహిత సమాజమే మన లక్ష్యం' అని కూడా రాశారు.

దీనంతటికీ కర్త సమన్వయాధికారి త్రివిక్రమరావు. రాజధాని నుంచి వచ్చాడు. ఆయన తన ఉద్యోగ జీవితంలో ఒక్క రోగిని కూడా తాకలేదు, ఎప్పుడూ శాఖల్నే కలుపుతూ వచ్చాడు. బుధవారం మీటింగులో అందరికీ విషయం వివరించాడు.

"అత్యవసర పరిస్థితులలో ప్రాణనష్టానికి మూలకారణం గాయం కాదని మా అధ్యయనంలో తేలినది. మూలకారణం సమన్వయ లోపం. కావున పదకొండు శాఖలు సమన్వయమై సంతకములు చేయునంత వరకు క్షతగాత్రుని ఏ ఒక్కరూ ముట్టరాదు."

"ఈలోపు రక్తం కారిపోతా ఉంటే ఎట్టా సార్?" అంది దయామణి.

"కారడం అనేది ఆరోగ్యశాఖ పరిధిలోని అంశం సిస్టర్. ఆపడం అనేది ఉమ్మడి పరిధిలోని అంశం."

పక్కన సూపరింటెండెంటు సుందరరామం తల ఊపాడు. ఒకప్పుడు ఆయన జిల్లా మొత్తానికి పేరున్న సర్జను. ఆయన కుట్టిన కుట్టు ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చేదని చెప్పుకునేవాళ్లు. ఆరేళ్ల కింద కుర్చీ ఎక్కాక కత్తి వదిలి పెన్ను పట్టాడు. ఇప్పుడు ఆయన చేతులు సంతకానికి తప్ప దేనికీ లేవవు. దయామణికి ఆయనంటే కోపం లేదు గానీ, జాలి మాత్రం బోలెడంత.

ఏ అత్యవసర పరిస్థితి జరపాలన్న దాని మీద గంటన్నర చర్చ నడిచింది. తుఫాను వాళ్లు భూకంపం తర్వాత రావడానికి ఒప్పుకోలేదు, తమది సీనియర్ విభాగం అన్నారు. యుద్ధం వాళ్లు ఎవరి వెనకా రామన్నారు. చివరికి అందరికీ న్యాయం జరిగేలా తొమ్మిదికి తుఫాను, తొమ్మిదిన్నరకు భూకంపం, పదికి శత్రువుల దాడి, పదిన్నరకు ఉప్మా అని తేల్చారు. దాడి సమయానికే రాజధాని నుంచి పెద్ద సారు వచ్చి తిలకిస్తారనేసరికి యుద్ధం వాళ్లు కూడా మెత్తబడ్డారు.

ఇక గాయపడేవాళ్ల సంగతి. అంతకుముందు పక్క జిల్లాలో ఆఫీసు గుమాస్తాలను పడుకోబెడితే, చనిపోయినవాడు ఫోనెత్తి "ఆఁ, మీటింగులో ఉన్నా" అన్నాడట. అందుకని ఈసారి ఊళ్లోని పౌరాణిక నాటక సమాజం నుంచి ముప్ఫై మంది నటులను పిలిపించారు. దానితో కొత్త గొడవ మొదలైంది. చిటికెన వేలు దెబ్బకు ఎవరూ ఒప్పుకోలేదు. తల పగలడానికి నలుగురు పోటీ పడ్డారు. శవం వేషం మాత్రం ఎవరికీ వద్దు, డైలాగు లేదని. అన్నిటికన్నా మంచి గాయం, అంటే నంబరు పదిహేడు, 'తొడ చీలిక, తీవ్ర రక్తస్రావం', సమాజంలో హీరో అయిన మాణిక్యాలరావు కొట్టేశాడు. దానికి తగ్గట్టు ఒక పద్యం తనే రాసుకుని, రాగంతో కలిపి పన్నెండు నిమిషాలకు సాధన చేశాడు.

రక్తం ఆసుపత్రి వంటింట్లోనే కాచారు. బెల్లం పాకంలో కుంకుమ కలిపారు. త్రివిక్రమరావు స్వయంగా వేలు ముంచి నాలుక మీద వేసుకుని, "పాకం కుదిరింది" అని ధ్రువీకరించాడు.

బుధవారం సాయంత్రానికల్లా ముప్ఫై మంది ఫైళ్లూ పూర్తయ్యాయి. పదకొండు శాఖల సంతకాలు ముందే పడ్డాయి. 'శస్త్రచికిత్స విజయవంతమైనది', 'రోగి ప్రభుత్వమునకు కృతజ్ఞతలు తెలిపెను' అని కూడా రాసి పెట్టారు. గాయాలు మాత్రమే మిగిలాయి.

గురువారం సరిగ్గా తొమ్మిదికి తుఫాను వచ్చింది. అగ్నిమాపక బండి గొట్టంతో నీళ్లు కొట్టారు. ఆ వేగానికి తోరణం మీద ఫ్లెక్సీ ఒక మూల ఊడి వేలాడింది. పెద్ద సారు వచ్చేసరికి 'ప్రమాద రహిత' అన్న మాట కనపడకపోతే మర్యాదగా ఉండదని, పందిళ్లు వేసే పేరయ్యను పైకి ఎక్కించారు. కింద నిచ్చెన పట్టుకుంది అతని భార్య తిరుపతమ్మ. ఇద్దరూ పందిళ్ల పనికి ఎప్పుడూ కలిసే వస్తారు.

తొమ్మిదిన్నర అయింది. భూకంపం వాళ్లు టైముకు వచ్చారు. కార్యక్రమం కాగితంలో 'తోరణము కంపించవలెను' అని ఉంది. పైన మనిషి ఉన్నాడన్న సంగతి కాగితంలో లేదు. ఆరుగురు కలిసి తాళ్లు పట్టుకుని నిష్ఠగా కంపింపజేశారు.

పేరయ్యా, రేకూ కలిసే కింద పడ్డారు. రేకు అంచు కుడి తొడను నిలువునా కోసింది.

దయామణి వరండాలోంచి ఎలా ఉరికిందో ఆమెకే తెలియదు. వెళ్లి చూసింది. రక్తం ఊరడం లేదు, చిమ్ముతోంది. లోపల రక్తనాళం తెగింది. అరగంటలో కుట్టి రక్తం ఎక్కించకపోతే మనిషి దక్కడు. తిరుపతమ్మ పైట చెంగు అడిగి చించుకుని తొడ పైభాగాన బిగించి కట్టి, రెండు చేతులతో గాయాన్ని అదిమిపట్టి, "స్ట్రెచర్!" అని ఒక్క అరుపు అరిచింది. ఇరవై ఆరేళ్లలో ఆమె అరవడం అదే మొదటిసారి.

స్ట్రెచర్ వచ్చింది. దానితో పాటు త్రివిక్రమరావు కూడా వచ్చాడు.

"నంబరెంత?"

"నంబరు లేదు సార్. నిజంగానే పడ్డాడు."

"అదెలా కుదురుతుంది? నిజమైనవి శుక్రవారం నుంచి కదా. మైకులో స్పష్టంగా చెప్పించాం. ఈయన వినలేదా?"

"సారూ, మాది మంగళ్లపాలెం. ఆటో మా ఊరి దాకా రాలా," అంది తిరుపతమ్మ. ఆ వెంటనే గుండెలు బాదుకుని ఏడవడం మొదలుపెట్టింది.

త్రివిక్రమరావు ఆమె మెడ వైపు చూశాడు. "బంధువు బ్యాడ్జీ లేదే? బ్యాడ్జీ లేనివారు రోదించరాదు. సామాజిక స్థైర్య సూచీ పడిపోతుంది. గాయాన్ని వాయిదా వేసుకోగల సమాజమే నిజమైన స్థైర్యం గల సమాజం, అమ్మా. ఒక పూట ఓర్చుకోండి." తర్వాత దయామణి వైపు తిరిగి కాస్త మెత్తబడ్డాడు. "మీ ఆతురత అర్థమైనది సిస్టర్. మినహాయింపు కొరకు పదకొండు శాఖలకు అర్జీ పెట్టుకోండి. మొదటి టేబులు అదిగో."

మొదటి టేబుల్ దగ్గర ఎవరూ లేరు. ఉప్మా ముందుగానే వచ్చిందట.

దయామణి సుందరరామం వైపు చూసింది. ఆయన పేరయ్య తొడ వైపు చూస్తున్నాడు. చూపు అక్కడే ఉంది గానీ కాళ్లు కదలడం లేదు. "సంతకాలు లేకుండా... ఎలా సిస్టర్?" అన్నాడు. ఆ మాటకు దయామణికి బుర్రలో దీపం వెలిగింది. ఈ ఆవరణలో అన్ని సంతకాలూ ఉన్న చీలిన తొడ ఒకటి ఉంది. అది మాణిక్యాలరావుది.

తన చేతుల స్థానంలో ఇంకో నర్సు చేతులు పెట్టించి, షామియానా కిందికి పరుగు తీసింది. మాణిక్యాలరావు తొడకు పాకం పూసుకుని, కాలికి పట్టిన చీమల్ని విసనకర్రతో తోలుకుంటూ రాగం తీస్తున్నాడు.

"మాణిక్యాలరావు గారూ, మీ తొడ కావాలి."

సంగతంతా విని ఆయన ముఖం పక్కకు తిప్పుకున్నాడు. "వేరే ఏదైనా అడగండి సిస్టరమ్మా. నలభై ఏళ్లుగా రంగస్థలం మీద ఉన్నా. నా వేషం ఇంకొకడికి ఇచ్చింది లేదు. అదిగాక పద్యం తయారు చేసుకున్నా, మాటలా?"

"ఆయన నిజంగా చచ్చిపోతున్నాడండీ."

"పద్యం వచ్చా ఆయనకి?"

దయామణికి ఆ క్షణాన ఆయన్ని నిజంగానే పదిహేడో నంబరు చెయ్యాలనిపించింది. తమాయించుకుంది. నటుడికి ఏం కావాలో ఆమెకు తెలుసు. "మీరు శవం వేషం తీసుకోండి. చచ్చే ముందు పద్యం పాడుకోండి. పన్నెండు నిమిషాలూ మీవే, ఎవరూ ఆపరు. హామీ నాది."

"చచ్చే ముందా?" మాణిక్యాలరావు కళ్లు మెరిశాయి. "అసలు అదే కదమ్మా పద్యానికి చోటు! గాయానికి పద్యమేమిటి, చవకగా." మెడలోని పదిహేడో నంబరు అట్ట తీసి ఆమె చేతిలో పెట్టాడు.

ఆ అట్ట పేరయ్య మెడలో పడగానే ఎంత మార్పు! పోలీసులు దారి ఇచ్చారు. అగ్నిమాపక వాళ్లు సెల్యూట్ కొట్టారు. మత్స్యశాఖ వాళ్లు ఎందుకు వచ్చారో వాళ్లకే తెలియదు గానీ స్ట్రెచర్ ఒక మూల పట్టుకున్నారు. తిరుపతమ్మకు 'బంధువు' బ్యాడ్జీ దొరికింది. త్రివిక్రమరావు పక్కనే నడుస్తూ స్థైర్య సూచీ కార్డు తీశాడు. "రోదన సహజంగా ఉన్నది. స్థైర్యం మాత్రం లోపించినది. పదికి మూడు." స్ట్రెచర్ అంచు మీద కారిన రక్తాన్ని అలవాటుగా వేలితో తీసి నాలుక మీద వేసుకున్నాడు. మొహం చిట్లించాడు. "ఈ విడతలో ఉప్పు ఎక్కువైనది. వంటశాలకు చెప్పండి."

ఆపరేషన్ గది తలుపు దగ్గర సుందరరామం ఆగిపోయాడు. దయామణి ఆయనకు మాత్రం వినపడేలా చెప్పింది. "సార్, పదకొండు సంతకాలూ ఉన్నాయి. ఆపరేషన్ విజయవంతం అని మీరే నిన్న సంతకం పెట్టారు. ఇక మిగిలింది ఆపరేషనే."

ఆయన తన చేతుల వైపు చూసుకున్నాడు. తర్వాత ఆ చేతులు కడుక్కున్నాడు.

తెగిన నాళం దొరకడానికి రెండు నిమిషాలు పట్టింది. మొదటి కుట్టుకు ఆయన వేళ్లు వణికాయి. రెండో కుట్టుకు తగ్గింది. ఐదో కుట్టుకల్లా దయామణి చెయ్యి చాచకముందే ఆయన సూది అందుకున్నాడు. గ్రూపు చూసి ఒక సీసా రక్తం ఎక్కించింది, ఆ తర్వాత ఇంకొకటి. పద్దెనిమిది కుట్లు. పేరయ్య నాడి ఆమె వేలి కింద మళ్లీ మెల్లగా, గట్టిగా కొట్టుకోవడం మొదలుపెట్టేసరికి ఆమెకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "వెంటనే జిల్లా ఆసుపత్రికి పంపాలి. నాళం మాట అక్కడ మళ్లీ చూడాలి," అన్నాడు సుందరరామం. ఆ గొంతు విని ఆమెకు పాత డాక్టరు గారు గుర్తొచ్చారు.

బయట అయిదు అంబులెన్సులు వరసగా నిలబడి ఉన్నాయి, పూలదండలు వేసుకుని. పేరయ్యను మొదటి దాంట్లోకి ఎక్కిస్తుండగా, పదింటికి రావలసిన పెద్ద సారు పన్నెండున్నరకు దిగాడు.

"అయిపోయిందా? అయ్యో," అన్నాడు నొచ్చుకుంటూ. "ఆ తొడ చీలిక చాలా బాగా వచ్చిందట కదా. ఏదీ, మళ్లీ మొదటి నుంచి ఒకసారి."

త్రివిక్రమరావు ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు. "ఎవరక్కడ! పదిహేడుని దించండి. కుట్లు విప్పి, రేకు కింద యథాస్థానంలో పడుకోబెట్టండి. భూకంపం సిద్ధంగా ఉండాలి!"

తిరుపతమ్మ అంబులెన్సు తలుపుకు అడ్డంగా నిలబడింది. "మీద చెయ్యేశారంటే ఊరుకోను," అంది. ఈసారి ఏడవలేదు. దయామణి ఆమె పక్కకు వచ్చి నిలబడింది గానీ, నలుగురు పోలీసులు అటు నడుస్తుంటే ఏం చెయ్యాలో తోచలేదు. ఆ కంగారులోనే షామియానా వైపు చూసింది. తెల్ల దుప్పటి కింద శవాల వరసలో మాణిక్యాలరావు బుద్ధిగా పడుకుని ఉన్నాడు. ఆయన పద్యం పాడి చనిపోయి గంట దాటింది.

పౌరాణిక నాటకాల్లో ఒక మర్యాద ఉంది. పద్యం నచ్చితే జనం 'వన్స్ మోర్' అంటారు. అన్నాక, చచ్చి పడున్న పాత్ర అయినా సరే లేచి, దుమ్ము దులుపుకుని, పద్యం మళ్లీ పాడి, మళ్లీ చావాలి. దయామణి రెండు అరచేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

"వన్స్ మోర్!" అని అరిచింది.

దుప్పటి ఎగిరింది. శవం లేచి కూర్చుంది. ఎడమ చెయ్యి చెవికి, కుడి చెయ్యి ఆకాశానికి. రాగం మొదలైంది. పెద్ద సారు ఠక్కున ఆగిపోయాడు. ఆయనకు చిన్నప్పటి నుంచీ పద్యాల పిచ్చి. పోలీసులు కూడా ఆగిపోయారు. పైవారు వింటుంటే కిందివారు నడవకూడదు కదా. మాణిక్యాలరావు గుండె పట్టుకుని, మోకాళ్ల మీదకు జారి, చివరి పాదాన్ని ఆకాశానికి పంపించి చచ్చిపోయాడు.

"వన్స్ మోర్!" అన్నాడు పెద్ద సారు చెమ్మగిల్లిన కళ్లతో.

దయామణి డ్రైవరుకు సైగ చేసింది. సైరన్ మోగింది. "నేపథ్యం కూడా అమర్చారే, శెభాష్," అన్నాడు పెద్ద సారు వెనక్కి తిరక్కుండానే. మాణిక్యాలరావు ఆ మధ్యాహ్నం నాలుగుసార్లు చనిపోయాడు. నాలుగోసారికి అంబులెన్సు జిల్లా ఆసుపత్రి గేటు దాటింది.

మహావిన్యాసం అన్ని విధాలా విజయవంతమైనట్టు నివేదిక వెళ్లింది. రాజధానిలో ఎవరో దాన్ని పూర్తిగా చదివారు, అదే పొరపాటు. ఇరవై రోజుల తర్వాత దయామణి పేరిట ఒక మెమో వచ్చింది.

'నమూనా క్షతగాత్రుడు నంబరు 17 నకు నిజమైన కుట్లు పద్దెనిమిది, నిజమైన రక్తము రెండు సీసాలు వినియోగించినట్లు తెలియుచున్నది. సదరు వ్యక్తి నమూనా అయినచో నిజమైన వైద్యము ఏల చేసితిరి? నిజమైన వ్యక్తి అయినచో నిషిద్ధ సమయమున ఏల చేర్చుకొంటిరి? మూడు రోజులలోగా సంజాయిషీ ఇవ్వవలెను.'

ఎటు రాసినా తప్పే. ఉద్యోగం మిగిలి ఉన్నది నాలుగేళ్లు. దయామణికి భయం వేసింది, వేయలేదంటే అబద్ధం. మెమో పట్టుకుని సుందరరామం గదికి వెళితే ఆయన లేడు. ఈ మధ్య కుర్చీలో దొరకడం లేదు. ఆపరేషన్ గదిలో దొరికాడు, ముంజేతుల దాకా సబ్బు నురుగుతో. మెమో అంతా విని, "కుట్టింది నేనని కూడా రాయండి సిస్టర్," అన్నాడు.

రాసింది. 'అయ్యా, మనవి. ఆ రోజు నంబరు 17 నిజంగా బతికాడు. కుట్లు వేసింది సూపరింటెండెంటు గారు. రక్తం ఎక్కించింది నేను. ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. ఇందులో దాచినది ఏమీ లేదు. తమరు ఏ శిక్ష వేసినా శిరసా వహిస్తాను.'

నెల రోజులు జవాబు లేదు. పదకొండు శాఖలు దాని మీద సమన్వయం అవుతున్నాయని తెలిసింది. చివరికి ఒక సోమవారం పొద్దున కవరు వచ్చింది. దయామణి క్యాజువాలిటీ గుమ్మంలోనే నిలబడి చించి చదివింది.

'మీ సంజాయిషీ పరిశీలించడమైనది. మొదటి తప్పుగా భావించి మన్నించడమైనది. ఇకమీదట ముందస్తు అనుమతి లేనిదే ఎవరినీ బతికించరాదని హెచ్చరించడమైనది.'

ఆమె రెండుసార్లు చదివింది. అప్పుడే ఆటో ఒకటి హారన్ మోగించుకుంటూ గేటులోకి వచ్చింది. లోపల ఎవరో మూలుగుతున్నారు. అందినట్టు కవరు మీద గబగబా సంతకం గిలికి, ఆటో వైపు పరుగెత్తింది.